కొత్తగా తెచ్చిన పాము, ఒంటి మీద నడిచే నల్ల చుక్కలు

(మూగజీవాలు: పాఠకుల ప్రశ్నలకు వెటర్నరీ డాక్టర్ జవాబులు)

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో పాముల గురించినవే ఎక్కువ. అమెరికాలో మన పిల్లలు కుక్కా పిల్లీ దాటి బాల్ పైథాన్ (చిన్న జాతి కొండచిలువ) దాకా వచ్చేశారని నా క్లినిక్‌లో చూస్తూనే ఉన్నాను. వాటిలో ఒక ఉత్తరానికి అర్జెంటుగా జవాబు కావాలి కాబట్టి దాన్నే ముందు తీసుకుంటున్నాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, మేము టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయికి పధ్నాలుగేళ్ళు. రెండేళ్ళు పోరు పెట్టి పెట్టి, చివరికి పదిహేను రోజుల క్రితం ఒక రెప్టైల్ షోలో బాల్ పైథాన్ పిల్లని కొనిపించుకున్నాడు. అడుగున్నర పొడుగు ఉంటుంది. మొదటి వారం బాగానే ఉంది. ఇప్పుడు పొద్దస్తమానం నీళ్ళ గిన్నెలోనే చుట్టుకుని పడుంటోంది. నిన్న చేతిలోకి తీసుకుంటే నా అరచేతికి గసగసాల్లాంటి నల్ల చుక్కలు అంటుకున్నాయి, చూస్తే అవి నడుస్తున్నాయి! ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్య గారు పసుపు, వేపనూనె కలిపి రాయమంటున్నారు. నాగుల చవితి వస్తోంది కదా, గిన్నెలో పాలు పోయమంటున్నారు, నాగేంద్రుణ్ణి పెట్టెలో పెట్టడం దోషమని బాధపడుతున్నారు. మావారు కుక్కల మీద కొట్టే పేల మందు తెస్తానంటున్నారు. అవి మా పరుపుల్లోకి వస్తాయేమోనని నాకు టెన్షన్. పిల్లాడు రాత్రి అన్నం తినలేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు మీవారికి ఫోన్ చేసి ఆ మందు తేవద్దని చెప్పండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు. కుక్కల కోసం చేసిన పౌడర్లు, షాంపూలు, మెడ పట్టీలు పాము మీద వాడి, పాము వణుకుతూ తల నిలపలేక వెల్లకిలా తిరిగిపోయే స్థితిలో నా దగ్గరికి తెచ్చినవాళ్ళు ఉన్నారు. పురుగులు పాముని ఒక్క రాత్రిలో చంపవు, తప్పు మందు చంపగలదు. కాబట్టి మీకు టైము ఉంది, కంగారు పడకండి.

మీరు చూసినవి పాము మైట్లు. వాటి శాస్త్రీయ నామం ఓఫియోనిసస్ నాట్రిసిస్. మిరప తోటల్లో నల్లి అంటాం చూడండి, ఆకులు కిందికి ముడుచుకుపోయేలా చేస్తుంది, ఇవీ సాలీడు జాతికి చెందిన అలాంటి బాపతే, కాకపోతే ఆకు రసం బదులు పాము రక్తం తాగుతాయి. బాగా తాగి ఉబ్బిన ఆడ మైటు కూడా ఒక మిల్లీమీటరుకి అటూ ఇటూగా ఉంటుంది, అంతే. మీకింకా అనుమానం ఉంటే ఒక తెల్ల టిష్యూ పేపర్ తడిపి పాము ఒంటి మీద మెల్లగా తుడవండి, అంటుకున్న చుక్కని టిష్యూ మధ్యలో పెట్టి గోటితో నొక్కండి. ఎర్రటి మరక పడితే ఇక అనుమానం అక్కర్లేదు, అది మీ పాము రక్తమే.

తర్వాత మంచి వెలుతురులో, వీలైతే భూతద్దం పెట్టి, పాము తల చూడండి. పాముకి కనురెప్పలు ఉండవు, కంటి మీద అద్దం లాంటి ఒక పొలుసు ఉంటుంది. ఆ అద్దం అంచు చుట్టూ సన్నటి సందు ఉంటుంది కదా, మైట్లు తల ఆ సందులోకి దూర్చి, వెనక భాగం మాత్రం బయటికి పెట్టుకుని వరసగా కూర్చుంటాయి. కంటికి కాటుక పెట్టినట్టు కనిపిస్తుంది. కొత్తగా పాముని కొన్నవాళ్ళు దాన్ని పాము అందం అనుకుని మురిసిపోవడం నేను చూశాను. గడ్డం కింద మధ్యలో ఉండే గాడి, పై పెదవి మీద వరసగా ఉండే వేడిని పసిగట్టే గుంటలు, తోక మొదట్లో విసర్జన ద్వారం చుట్టూ, ఈ మూడూ కూడా చూడండి. ఒంటి మీద విబూది చల్లినట్టు తెల్లటి పొడి కనిపిస్తే అది మైట్ల రెట్ట. పాము నీళ్ళ గిన్నెలోనే ఎందుకు కూర్చుంటోందో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది: దురద, మంట భరించలేక నీళ్ళలో మునిగి వాటిని వదిలించుకోవాలని చూస్తోంది. గిన్నె అడుగున చచ్చిన నల్ల చుక్కలు కూడా ఉండి ఉంటాయి.

ఇప్పుడు అసలు సంగతి. మనకి కనిపించేవి పాము ఒంటి మీద ఉన్నవి మాత్రమే, వాటి సంసారం అంతా పెట్టెలో ఉంటుంది. ఆడ మైటు కడుపు నిండా రక్తం తాగాక పాము మీద నుంచి దిగిపోయి చీకటిగా, చెమ్మగా ఉండే సందు వెతుక్కుని అక్కడ గుడ్లు పెడుతుంది. దుంగ పగులు, గాజు పెట్టె మూలల్లో సిలికాన్ అతుకు, మూత అంచు, వైరు దూరే బొక్క, ఎక్కడైనా సరే. ఒక్కొక్కటి తన జీవితకాలంలో 60 నుంచి 80 గుడ్ల దాకా పెడుతుంది. అవి రెండు మూడు రోజుల్లోనే పగులుతాయి. గుడ్డు నుంచి పెద్ద మైటు అయ్యేదాకా 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు వారాలు, కొంచెం అటూ ఇటూ. మధ్యలో రెండు దశల్లో అవి రక్తం తాగవు, ఎక్కువగా సందుల్లోనే ఉంటాయి. అంటే ఈ రోజు మీరు పాముని ఎంత శుభ్రంగా కడిగినా, వచ్చే వారానికి ఇంకో తరం తయారుగా ఉంటుంది. "రెండుసార్లు కడిగాం డాక్టర్ గారూ, మళ్ళీ వచ్చేశాయి" అని నాతో చెప్పేవాళ్ళంతా చేసే పొరపాటు ఇదే, పాముని కడుగుతారు, పెట్టెని వదిలేస్తారు.

అందుకని పని ఇలా చెయ్యండి. మూత గట్టిగా పట్టే ఒక ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, గాలికి చిన్న చిన్న చిల్లులు పెట్టి, అడుగున తెల్ల టిష్యూ పేపర్ పరిచి, ఒక నీళ్ళ గిన్నె, దాక్కోడానికి సిరియల్ అట్టపెట్టె కోసి చేసిన గూడు పెట్టండి. పాముకి కనీసం ఆరు వారాల పాటు అదే ఇల్లు. డబ్బా అడుగున ఒక పక్క హీట్ మ్యాట్ ఉండాలి, దానికి వేడి మితిమీరకుండా ఆపే థర్మోస్టాట్ తప్పకుండా ఉండాలి. టిష్యూలూ అట్ట గూడూ రోజూ, కనీసం రోజు విడిచి రోజు తీసి కవర్లో పెట్టి మూతి కట్టి తిన్నగా బయటి చెత్త డబ్బాలో వెయ్యాలి, వంటింటి చెత్తబుట్టలో వద్దు. పాత పెట్టెలో ఉన్న కొబ్బరి పొట్టు, ఆకులు, నాచు అన్నీ అలాగే కవర్లో కట్టి బయటికి. దుంగలూ కొమ్మలూ ఉంటే నా సలహా వదులుకోమనే. వేడి చేసి వాడుకోవచ్చు అంటారు, కానీ ఓవెన్‌లో చెక్క పెట్టి మరిచిపోతే ఇంకో ప్రమాదం, ఇరవై డాలర్ల దుంగ కోసం అంత అవసరం లేదు. ప్లాస్టిక్ గూళ్ళూ గిన్నెలూ మరిగే నీళ్ళు పోసి సబ్బుతో రుద్దితే చాలు.

గాజు పెట్టెని ముందు వాక్యూమ్ క్లీనర్ సన్న గొట్టంతో మూల మూలా పీల్చండి, ఆ సంచీ కూడా వెంటనే బయట పారెయ్యాలి. తర్వాత బాగా వేడి సబ్బు నీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టండి. డెట్టాల్, ఫినాయిల్ లాంటి వాసన ఘాటుగా వచ్చేవి పాముల దగ్గరికే రానివ్వద్దు, ఫినాల్ జాతి రసాయనాలు వాటికి విషం. ఇదంతా అయ్యాక పాముల పెట్టెల కోసమే తయారుచేసే పర్మెత్రిన్ స్ప్రే ఉంటుంది, దాన్ని ఖాళీ పెట్టెలో, మందు డబ్బా మీద రాసినంతే, కొట్టి, తడి పూర్తిగా ఆరి వాసన పోయేదాకా తలుపు తెరిచి ఉంచాలి. కొట్టేటప్పుడు పాము, నీళ్ళ గిన్నె రెండూ ఆ గదిలో ఉండకూడదు. మీ ఇంట్లో పిల్లి గానీ చేపల తొట్టి గానీ ఉందా? రాయలేదు కాబట్టి అడుగుతున్నాను, పర్మెత్రిన్ పిల్లులకీ చేపలకీ ప్రాణాంతకం. ఉంటే ఈ మందు మాట ఎత్తకుండా మీ వెట్‌నే ఇంకో దారి అడగండి.

ఇక పాము సంగతి. వెడల్పాటి డబ్బాలో గోరువెచ్చని నీళ్ళు, 85 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, పాము ఒంటి మందంలో సగం ఎత్తు మాత్రం పోసి, అందులో పదిహేను ఇరవై నిమిషాలు ఉంచండి. మీ అబ్బాయి పక్కనే కూర్చోవాలి, ఫోన్ చూసుకుంటూ కాదు. నీళ్ళు తగలగానే మైట్లు తప్పించుకోడానికి పైకి, తల వైపు పాకుతాయి. అక్కడే మెత్తటి తడి నూలు గుడ్డతో మెడ నుంచి ముక్కు వైపు కాకుండా, ముక్కు నుంచి మెడ వైపు పొలుసుల వాలుకి తుడుస్తూ రావాలి. కంటి అంచు గోటితో గీకొద్దు. స్నానం తర్వాత పూర్తిగా ఆరనిచ్చి కొత్త టిష్యూలు పరిచిన డబ్బాలోకి వదలండి. వారానికి రెండు మూడు సార్లు చాలు, రోజూ చేస్తే పాము బెదిరిపోతుంది.

మందు పాము ఒంటి మీద వాడాలా అంటే, చాలాసార్లు వాడాలి, కానీ అది పాములని చూసే వెట్ చేతి మీదుగా జరగాలి. మేము సాధారణంగా ఫిప్రోనిల్ అనే పురుగుల మందు స్ప్రేని గుడ్డకి పట్టించి పాము ఒంటికి తుడుస్తాం, కళ్ళూ నోరూ వదిలేస్తాం, తిన్నగా పాము మీద కొట్టం. కొన్నిసార్లు ఐవర్‌మెక్టిన్ అనే ఇంకో పురుగుల మందు కూడా. మోతాదు పాము బరువుని బట్టి గ్రాముల లెక్కలో ఉంటుంది, మీ పిల్ల పాము బహుశా వంద గ్రాములు పైచిలుకు ఉంటుందేమో, అంత చిన్న ప్రాణికి చుక్క ఎక్కువైనా ప్రమాదమే, అందుకే ఇక్కడ అంకెలు రాయడం లేదు.

అత్తయ్య గారి మాట. ఆవిడ ప్రేమతోనే చెప్తున్నారు, మా అమ్మమ్మ ఉన్నా అదే చెప్పేది. కానీ వేపనూనె వద్దండీ. నూనె పొలుసుల మధ్య చేరి జిగురుగా ఉండిపోతుంది, ఘాటు వాసన పాము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పాముకి మనలాగా దగ్గి బయటికి నెట్టే శక్తి లేదు. పసుపు వల్ల మైట్లు చావవు, పైగా తెల్ల టిష్యూ మీద పచ్చటి పొడి పడితే మీరు చుక్కలు లెక్కపెట్టలేరు. పాలు కూడా వద్దు. పాము పాలు తాగే ప్రాణి కాదు, పాల నుంచి దానికి అందేది ఏమీ లేదు, దాహంతో ఎండిపోయిన పాము తడి ఏది దొరికితే అది తాగుతుంది కాబట్టే మన ఊళ్ళల్లో పాములవాళ్ళ బుట్టల్లోని పాములు పండగ రోజు పాలు తాగినట్టు కనిపించేవి, వాటిని అంతకుముందు చాలా రోజులు నీళ్ళు లేకుండా మాడ్చేవాళ్ళు. తర్వాత వాటిలో చాలా చచ్చిపోయేవి. ఈసారి నాగుల చవితికి అత్తయ్య గారి చేతే ఆ గిన్నె తోమించి మంచినీళ్ళు పోయించండి, పాముకి అంతకన్నా మేలు ఇంకోటి లేదు. పెట్టెలో పెట్టడం దోషమా అన్నది ఆవిడ మనసుకి సంబంధించింది, నేను తీర్చలేను. ఒకటి మాత్రం చెప్పగలను, ఇది పుట్టలో నుంచి పట్టుకొచ్చింది అయ్యుండదు, అమెరికాలో అమ్మే బాల్ పైథాన్ పిల్లల్లో ఎక్కువ భాగం ఇక్కడి పెంపకందార్ల దగ్గరే గుడ్డులోంచి వచ్చినవి. వాటి మూలం మాత్రం పశ్చిమ ఆఫ్రికా. ఘనా, టోగో, బెనిన్ అటువైపు.

మీ పరుపుల భయం: ఇవి మనుషుల మీద కాపురం పెట్టవు. చేతులకీ నడుముకీ ఒకటీ అరా కుట్టి చిన్న ఎర్ర దద్దుర్లు రావచ్చు, దురద పుడుతుంది, తగ్గిపోతుంది. పాము లేకపోతే వాటికి బతుకు లేదు. అయినా పాముని ముట్టుకున్న బట్టలు వేడి నీళ్ళలో ఉతికి డ్రయ్యర్‌లో వెయ్యండి, ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి. ఇది మైట్ల కోసమే కాదు, పాముల రెట్టలో విరేచనాలు తెప్పించే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉంటుంది. ఇంట్లో ఐదేళ్ళలోపు పిల్లలు ఉంటే అసలు పాకే జంతువులు వద్దని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెప్తుంది, మీ ఇంటికి పసిపిల్లలు వచ్చిపోతుంటే ఆ గది తలుపు మూసి ఉంచండి.

వెట్ దగ్గరికి ఈ వారంలోనే వెళ్ళమంటున్నాను, ఎందుకో చెప్తాను. నేను కొత్తగా ప్రాక్టీస్ పెట్టిన రోజుల్లో నా దగ్గర కార్న్ స్నేక్స్ అనే విషం లేని పాములు మూడు ఉండేవి. ఒక షాపులో ముద్దొచ్చి నాలుగోది కొన్నాను, డాక్టర్ని అయ్యుండీ విడిగా ఉంచకుండా అదే అరలో పక్క పెట్టెలో పెట్టాను. మూడు వారాలకి నాలుగింటికీ మైట్లు. అన్నిటికన్నా చిన్న పిల్ల ఒక ఉదయం చుట్ట చుట్టుకోకుండా సాగి పడుకుని ఉంది, నోరు తెరిచి చూస్తే లోపలి చర్మం గులాబీ రంగు పోయి కాగితంలా పాలిపోయింది. ఒంట్లో రక్తం లేదు. సాయంత్రానికి పోయింది. అందుకని మీ పాము నోటి లోపల ఒకసారి చూడమని అక్కడి డాక్టర్ని అడగండి. నోరు తెరిచి ఊపిరి తీసినా, ముక్కు దగ్గర బుడగలు వచ్చినా, పొట్ట కింది పొలుసులు ఎర్రబారినా వారం కూడా ఆగొద్దు, మైట్లు ఏరోమోనాస్ అనే బ్యాక్టీరియాని రక్తంలోకి మోసుకెళ్ళగలవు. ఇంట్లో ఇంకో పాము వస్తే మూడు నెలలు వేరే గదిలో, వేరే గిన్నెలు, వేరే పటకారుతో. ఆ నియమం నేను ఒక ప్రాణం పోయాక నేర్చుకున్నాను.

మీ అబ్బాయికి చెప్పండి, ఇది వాడి తప్పు కాదు. షోల్లో వందల పాములు పక్కపక్కన ఉంటాయి, ఒక చేతి నుంచి ఇంకో చేతికి వెళ్తుంటాయి. మంచి పెంపకందారు దగ్గర కొన్నా ఒక్కోసారి వస్తాయి. డబ్బా శుభ్రం చేసే పని, తారీఖు వేసి రోజూ టిష్యూ మీద చుక్కలు లెక్క రాసే పని వాడికే అప్పగించండి. అన్నం తింటాడు.

ప్రశ్న: న్యూజెర్సీ నుంచి రాస్తున్నాను. మా బాల్ పైథాన్ ఐదు వారాలుగా ఏమీ తినడం లేదు. మైట్లు లేవు. మా అమ్మాయి రోజూ స్కూల్ నుంచి రాగానే దాన్ని మెడలో వేసుకుని టీవీ చూస్తుంది, ఎలుక పెడితే పాము మొహం తిప్పేస్తుంది. బతికున్న ఎలుకని వదలమంటున్నారు ఎవరో. వదలమంటారా?

జవాబు: వద్దు. ఆకలి లేని పాము పెట్టెలో బతికున్న ఎలుకని వదిలితే రాత్రికి ఎలుకే పాముని కొరికి తింటుంది, వెన్నెముక కనిపించేలా గాయాలైన పాములకి నేను కుట్లు వేశాను.

మీ ఉత్తరంలో జవాబు మీరే రాశారు, రోజూ మెడలో వేసుకోవడం. పాము కుక్కపిల్ల కాదండీ, దానికి మన ముద్దు అక్కర్లేదు. చీకట్లో ఒళ్ళు నాలుగు వైపులా తగిలేంత ఇరుకు గూట్లో నిశ్చింతగా పడుకోవడమే దానికి సుఖం. కొత్త ఇంటికి తెచ్చిన పాముని కనీసం వారం ముట్టుకోకూడదు. మీరు ఇప్పుడు మొదలుపెట్టండి, రెండు వారాలు నీళ్ళు మార్చడం, రెట్ట తియ్యడం తప్ప ఇంకేమీ చెయ్యకండి. పెట్టెలో వెచ్చటి పక్క 88 నుంచి 92 డిగ్రీల ఫారెన్‌హీట్, చల్లటి పక్క 76 నుంచి 80 ఉందో లేదో చేత్తో తడిమి కాకుండా థర్మామీటర్ పెట్టి చూడండి, రెండు పక్కలా ఒక్కో గూడు ఉండాలి. ఒక్క గూడే ఉంటే పాము భద్రతా కావాలా, వేడీ కావాలా అని తేల్చుకోవాల్సి వస్తుంది, పాపం భద్రతే ఎంచుకుంటుంది, వేడి లేక అరుగుదల ఆగుతుంది, తిండి మానేస్తుంది. తేమ 55 నుంచి 65 శాతం, కుబుసం విడిచే ముందు కళ్ళు నీలంగా మసకబారినప్పుడు ఇంకొంచెం ఎక్కువ. దేవదారు, పైన్ చెక్క పొట్టు పరిచి ఉంటే తీసెయ్యండి, ఆ నూనెలు పాములకి పడవు.

రెండు వారాల తర్వాత, చచ్చిన ఫ్రోజెన్ ఎలుకని రాత్రంతా ఫ్రిజ్‌లో కరగనిచ్చి, కవర్లో పెట్టి వేడి నీళ్ళలో ముంచి వెచ్చగా చేసి, దీపాలు ఆర్పాక పొడుగు పటకారుతో ముక్కు ముందు మెల్లగా కదిలించండి. మైక్రోవేవ్‌లో మాత్రం వద్దు, లోపల ఉడికి పొట్ట పగులుతుంది. ఎలుక లావు పాము ఒంట్లో అన్నిటికన్నా లావైన చోటుకి సమానంగా ఉంటే సరి. తింటే రెండు రోజులు ముట్టుకోవద్దు, కక్కేస్తుంది. తినకపోతే వదిలెయ్యండి, వారం తర్వాత మళ్ళీ చూడండి. పెద్ద బాల్ పైథాన్లు చలికాలంలో నెలల తరబడి తినకుండా ఉండటం మామూలే. పాము కోసం విడిగా ఒక త్రాసు పెట్టుకుని వారానికోసారి బరువు రాసుకోండి, పదో వంతు తగ్గితే అప్పుడు డాక్టర్ దగ్గరికి. ఒకటి గుర్తుంచుకోండి, ఇవి ఇరవై ముప్ఫై ఏళ్ళు బతుకుతాయి. సెయింట్ లూయిస్ జూలో 1961లో వచ్చిన ఒక ఆడ బాల్ పైథాన్ 2020లో గుడ్లు పెట్టింది, అప్పటికి దానికి అరవై ఏళ్ళు దాటాయని జూ వాళ్ళు చెప్పారు. మీ అమ్మాయి కాలేజీకి వెళ్ళాక దాని పెట్టె శుభ్రం చేసేది మీరే.

ప్రశ్న: మా ఇంట్లో పాముకి మైట్లొస్తే వెట్ ఐవర్‌మెక్టిన్ ఇచ్చారు, తగ్గింది. కొంచెం మందు మిగిలింది. మా తాబేలు కూడా గోక్కుంటోంది, దానికి వెయ్యొచ్చా?

జవాబు: అస్సలు వెయ్యొద్దు. ఐవర్‌మెక్టిన్ తాబేళ్ళని చంపుతుంది, చాలా తక్కువ మోతాదు కూడా. మిగిలిన సీసా ఇంట్లో ఉంచకుండా క్లినిక్‌లోనే తిరిగి ఇచ్చెయ్యండి. తాబేలుని చూపించండి, అది గోక్కోవడానికి కారణం వేరే ఉంటుంది.

ప్రశ్న: సార్, హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాను. ఒక ఫ్రెండ్ ద్వారా బాల్ పైథాన్ వస్తుందంటున్నారు, కాగితాలేమీ లేవు, "ఇది విదేశీ పాము, మన చట్టం వర్తించదు" అంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: ఆ మాట ఒకప్పుడు చెల్లింది, ఇప్పుడు చెల్లదు. మన దేశపు పాములు, నాగుపాము నుంచి కొండచిలువ దాకా, ఇంట్లో పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద నేరం. విదేశీ పాముల మాటకొస్తే, 2022లో ఆ చట్టాన్ని సవరించారు, వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం జాబితాల్లో ఉన్న జంతువులని కూడా దాని కిందికి తెచ్చారు. బాల్ పైథాన్ ఆ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. 2024లో రిజిస్ట్రేషన్ నియమాలు కూడా వచ్చాయి, అలాంటి ప్రాణి మీ చేతికి వస్తే కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి, పిల్లలు పెట్టినా, ఇంకొకరికి ఇచ్చినా, చనిపోయినా తెలియజేయాలి. కాగితం లేని పాము ఎక్కడి నుంచి వచ్చిందో, ఎన్ని చేతులు మారిందో తెలియదు. విమానం సామాన్లలో సంచుల్లో కుక్కి తెచ్చిన పాముల గురించి మీరూ వార్తల్లో చూసే ఉంటారు. అలా వచ్చినవి ఎండిపోయి, మైట్లు పట్టి, ఊపిరితిత్తుల జబ్బుతో ఉంటాయి, చూపించుకుందామంటే పాములని చూసే డాక్టర్లు మన దగ్గర వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే, కాగితాలు లేకపోతే వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళడానికి కూడా మీరు భయపడతారు. ఆ భయంలో పాము పోతుంది. వద్దని చెప్పండి.

పాములంటే నిజంగా ఇష్టమైతే మీరున్న ఊళ్ళోనే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఉంది, ఇళ్ళల్లోకి వచ్చిన పాములని పట్టి అడవిలో వదిలే పని ఏళ్ళ తరబడి చేస్తున్నారు. వాళ్ళని అడిగి పని నేర్చుకోండి. పాముని ఎలా చూడాలో, ఎంత దూరంలో నిలబడాలో అక్కడ తెలుస్తుంది.

ప్రశ్న: ఆరు వారాల కిందట మీరు చెప్పినట్టే టిష్యూలూ ప్లాస్టిక్ డబ్బా పద్ధతి మొదలుపెట్టాం. పదిహేను రోజులుగా ఒక్క చుక్క కూడా లేదు. పాము మొన్న కుబుసం విడిచింది. ఇక మట్టీ, మొక్కలూ పెట్టి పాత పెట్టెలోకి మార్చెయ్యొచ్చా? డబ్బాలో చూస్తుంటే జాలేస్తోంది.

జవాబు: ఇంకో రెండు వారాలు ఆగండి. ఆ కుబుసం పారెయ్యకుండా ఉంటే నీళ్ళలో తడిపి విప్పి, తల దగ్గర కంటి అద్దాలు రెండూ ఊడొచ్చాయో లేదో చూడండి, మైట్లు పట్టిన పాముల్లో అవి ఒక్కోసారి కంటికే అంటుకుపోతాయి. ఒకటి మిగిలిపోయిందనిపిస్తే మీరు లాగొద్దు, డాక్టర్ తీస్తారు. రెండు వారాల తర్వాత రాత్రి గూటి కింద కొత్త తెల్ల టిష్యూ పెట్టండి, పొద్దున్నే గూడు ఎత్తి వెలుతురులో టిష్యూని రెండు వైపులా తిప్పి చూడండి, గిన్నెలో నీళ్ళ అడుగు కూడా చూడండి. అలా వరసగా మూడు రాత్రులు ఏమీ కనిపించకపోతే మార్చండి. మట్టి మాత్రం కొత్త ప్యాకెట్‌దే వెయ్యండి, గరాజ్‌లో పక్కన పెట్టిన పాతది వద్దు.